ముద్ర వేసే చెయ్యి

వీడియో గేముల్లో నీతి గురించి మాట మొదలైతే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది, ఆట ఆగిపోయి రెండు వాక్యాలు కనిపించే తెర. ఒకటి నొక్కితే నువ్వు దయామయుడివి, రెండోది నొక్కితే దుర్మార్గుడివి. ఈ తెరను చూపించి, సినిమాకు లేని గొప్పతనం ఆటకు ఉందని వాదించేవాళ్లున్నారు. సినిమాలో ఎవరో చేసిన పాపాన్ని మనం చూస్తాం, ఆటలో ఆ పాపం మన చేత్తోనే జరుగుతుంది, కనుక మనిషి మనసును పరీక్షించే శక్తి ఆటకే ఎక్కువ అంటారు. ఇందులో సగం నిజముంది. మీట నొక్కే వేలు మనదే. కానీ వేలు మనదైనంత మాత్రాన నిర్ణయం మనదైపోదు. పైగా, చీకటి హాల్లో చేతులు కట్టుకుని చూసిన ఒక్క భయానక చిత్రం అడిగినంత సూటిగా ఎన్నో ఆటలు నన్ను ఏమీ అడగలేకపోయాయి.

నాకు రెండూ ఇష్టమే. ఆటలూ ఆడతాను, దెయ్యాల సినిమాలూ వదలను. ఇన్నేళ్లలో నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. అసలైన నీతి పరీక్ష జరిగేచోట, పరీక్ష జరుగుతోందని ఎవరూ చెప్పరు. అది రోజువారీ పని రూపంలో వస్తుంది. జీతం ఉంటుంది, గడియారం ఉంటుంది, బయట వరస ఉంటుంది, వెనకాల పైఅధికారి ఉంటాడు. ఈ సంగతి తెలిసినవాళ్లు తీసిన సినిమా, చేసిన ఆట ఏళ్ల తరబడి మన వెంట వస్తాయి. తెలియనివాళ్లు పది ముగింపులు పెట్టినా వాటిలో ఒక్కటీ మన మనసుకు తగలదు.

ముందు బాగా పేరున్న ఆటతో మొదలుపెడతాను. 2007లో వచ్చిన బయోషాక్. సముద్రం అడుగున కట్టిన ర్యాప్చర్ అనే నగరం శిథిలమై ఉంటుంది. అక్కడ చిన్న పిల్లలు తిరుగుతుంటారు, వాళ్లను లిటిల్ సిస్టర్స్ అంటారు. వాళ్ల ఒంట్లో ఆడమ్ అనే పదార్థం ఉంటుంది. మన శక్తులు పెరగాలంటే అది కావాలి. పిల్లను చంపి మొత్తం లాక్కుంటే 160 ఆడమ్ వస్తుంది. బతికించి వదిలేస్తే 80. ఆట వచ్చిన కొత్తలో దీన్ని గురించి ఎంత రాశారో చెప్పలేను. ఇంతటి ధర్మసంకటం ఏ ఆటలోనూ లేదన్నారు.

కాస్త లెక్క వేద్దాం. ముగ్గురు పిల్లల్ని చంపితే 480. ముగ్గురిని కాపాడితే 240. కానీ ముగ్గురిని కాపాడిన ప్రతిసారీ వాళ్ల సంరక్షకురాలు కృతజ్ఞతగా ఒక బొమ్మ పంపిస్తుంది. ఆ బొమ్మలో 200 ఆడమ్ ఉంటుంది, దానితోపాటు ఇతర కానుకలు కూడా వస్తాయి. అంటే 480కి బదులు 440. పసిపిల్ల ప్రాణానికీ హత్యకూ మధ్య తేడా ముగ్గురికి కలిపి 40! ఆట తయారుచేసినవాళ్లు మంచి ఆటగాడు నష్టపోకూడదని భయపడ్డారు. ఆ భయంలోనే దయ వడ్డీతో తిరిగొచ్చే డిపాజిట్ అయిపోయింది. పిల్లను ఎత్తుకున్నప్పుడు ఆమె గింజుకోవడం, భయంతో చెయ్యి అడ్డం పెట్టుకోవడం చాలా బాగా చిత్రించారు, అది కాదనను. కానీ మూడో బొమ్మ అందుకునే వేళకు ఆటగాడి మనసులో ఉండేది ఆ పిల్ల కళ్లు కావు, కానుకే.

అదే ఆటలో అసలైన దెబ్బ మరోచోట ఉంది. ఒక గొంతు రేడియోలో "దయచేసి ఈ పని చెయ్యి" అంటూ మర్యాదగా అడుగుతుంటుంది, మనం చేస్తూ పోతాం. చాలాదూరం వెళ్లాక తెలుస్తుంది, ఆ మర్యాద మాటే మన పాత్రను బానిసగా ఆడించే మంత్రమని. అప్పటిదాకా ఆటలో లక్ష్యం చెప్పగానే అటు పరిగెత్తడం మనకు నిర్ణయంలాగే అనిపించలేదు. ఏ తెరా ఆగలేదు, ఏ వాక్యమూ అడగలేదు. పిల్లల్ని చంపాలా వద్దా అన్న పెద్ద ప్రశ్నకంటే, చెప్పిందల్లా ఎందుకు చేశావన్న ఈ చిన్న ప్రశ్నే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అదే ఏడాది వచ్చిన మాస్ ఎఫెక్ట్ ఇంకో దారి పట్టింది. మంచి మాటకు నీలం, కరకు మాటకు ఎరుపు. రెండింటికీ తెర మీద కొలబద్దలు. ఆ పాయింట్లు తగినన్ని ఉంటేనే కొన్ని సంభాషణలు తెరుచుకుంటాయి, కాబట్టి ఆటగాళ్లు మొదటి గంటలోనే ఒక రంగు ఎంచుకుని చివరిదాకా దాన్నే పట్టుకునేవాళ్లు. ఎదుట ఎవరున్నారు, ఏమడుగుతున్నారు అని ఆలోచించాల్సిన పనే లేదు. కథ గొప్పది, పాత్రలు గొప్పవి, నేను కాదనడం లేదు. కానీ ముందే రంగు ఎంచుకున్నాక నిర్ణయం ఎక్కడ మిగిలింది?

మా మేనల్లుడు సెలవుల్లో మా ఇంట్లో ఇలాంటి ఆటే ఆడుతూ, తెర ఆగిన ప్రతిసారీ ఫోను తీసి ఏదో వెతికేవాడు. ఏమిట్రా అది అంటే, "ఏది నొక్కితే మంచి ముగింపు వస్తుందో చూస్తున్నాను మామయ్యా" అన్నాడు. నీకు ఏది మంచిదనిపిస్తే అది నొక్కు అన్నాను. వాడు నన్ను వింతగా చూసి, "నాకు అనిపిస్తే ఏం లాభం? ఆటకు ఏది మంచో అదే కదా కావాలి" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. నీతిని జవాబుపత్రంలా తయారుచేసి చేతికిచ్చినప్పుడు పిల్లలు జవాబే వెతుకుతారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, మార్కులు పోకూడదు.

ఇది కొత్త జబ్బేమీ కాదని, దీనికి మందు కూడా పాతదేనని నేను నమ్ముతాను. 1985లో రిచర్డ్ గారియట్ అల్టిమా వరసలో నాలుగో ఆట తెచ్చాడు. అందులో ఓడించాల్సిన మహారాక్షసుడు లేడు. ఎనిమిది సద్గుణాలను సాధించి ఆదర్శపురుషుడిగా నిలవాలి, అదే లక్ష్యం. అందులో మూలికలు అమ్మే దుకాణాల వాళ్లు అంధులు. సరుకు తీసుకుని, ఎంత ఇస్తున్నావో నువ్వే అంకె కొట్టాలి. తక్కువ కొడితే ఏమీ కాదు. దుకాణదారు అలాగే పుచ్చుకుంటాడు. అలారం మోగదు, ఎర్ర అక్షరం రాదు, నువ్వు సంచి నింపుకుని వెళ్లిపోతావు. ఆట మాత్రం లోపల గుర్తు పెట్టుకుంటుంది. ఎంతో కాలం తర్వాత సద్గుణం సిద్ధించాల్సిన చోట సిద్ధించదు. ఎందుకో వెనక్కి వెళ్లి నువ్వే ఆలోచించుకోవాలి.

మహాభారతం విన్న వాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. ద్రోణుడి ముందు "అశ్వత్థామ హతః" అని గట్టిగా అని, "కుంజరః" అని గొంతు తగ్గించినప్పుడు ధర్మరాజుకు ఎవరూ రెండు దారులు చూపించి ఏది కావాలని అడగలేదు. యుద్ధం నడుస్తోంది, పక్కన కృష్ణుడున్నాడు, గెలవాలి. ఆ మాట అన్నాక, అప్పటిదాకా నేలకు నాలుగు అంగుళాల పైన నడిచిన ఆయన రథం నేలను తాకింది. శిక్ష అంతే. యుద్ధం ఓడిపోలేదు, రాజ్యం పోలేదు. కానీ ఇన్ని వేల ఏళ్లు గడిచినా మనం ఆ నాలుగు అంగుళాల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆ కథ చెప్పినవాడికి, గుడ్డి దుకాణదారు ముందు అంకె కొట్టించినవాడికి తెలిసిన రహస్యం ఒకటే. తప్పు చేస్తున్న క్షణంలో అది తప్పులా కనిపించకూడదు, పనిలా కనిపించాలి.

ఈ రహస్యాన్ని చివరంటా తీసుకెళ్లిన ఆట నా దృష్టిలో పేపర్స్, ప్లీజ్. 2013లో వచ్చింది. చేసినవాడు లూకస్ పోప్, దాదాపు ఒంటరిగా చేశాడు. అంతకుముందు పెద్ద కంపెనీలో పెద్ద సాహసాల ఆటలకు పనిచేసినవాడు, ఇక్కడ మాత్రం సాహసమన్నదే లేకుండా ఒక బల్ల, ఒక కిటికీ, రెండు రబ్బరు ముద్రలు పెట్టాడు. కాలం 1982. దేశం ఆర్స్‌టోట్జ్‌కా, కల్పితమే కానీ ఆ బూడిదరంగు గోడలు, ఆ భయం తూర్పు ఐరోపా చరిత్రలోంచి వచ్చినవి. లాటరీలో నీకు సరిహద్దు తనిఖీ ఉద్యోగం వచ్చింది. కిటికీ దగ్గరికి ఒకరి తర్వాత ఒకరు వస్తారు. పాస్‌పోర్టులో పేరు, గడువు, ఊరు, ఫొటో చూడాలి. ఒక్కొక్కరిని సరిగ్గా పంపితే 5 క్రెడిట్లు. సాయంత్రం ఆరు కొట్టేసరికి ఎంతమందిని చూశావో అంతే జీతం. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, మామయ్య. అద్దె కట్టాలి, తిండి కొనాలి, చలికి ఇల్లు వెచ్చబెట్టాలి. డబ్బు చాలకపోతే ఏదో ఒకటి మానెయ్యాలి. మానేస్తే మరుసటి రోజు ఒకరికి జబ్బు.

రోజురోజుకూ నిబంధనలు పెరుగుతాయి. ప్రవేశ అనుమతి పత్రం, పని అనుమతి, టీకా కాగితం. బల్ల ఇరుకు. కాగితాలు ఒకదాని మీద ఒకటి పడిపోతుంటాయి. ఇక్కడే ఆట గొప్పతనం. నీ చూపు మనుషుల ముఖాల మీంచి తెలియకుండానే అంకెల మీదికి దిగిపోతుంది. మొదటి రోజు ఒక్కొక్క ముఖాన్నీ చూసినవాడివి, నాలుగో రోజుకు గడువు తేదీ మాత్రమే చూస్తావు.

అప్పుడు ఒకాయన వస్తాడు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. ముద్ర వేస్తావు. వెళ్తూ వెళ్తూ, నా వెనకే నా భార్య ఉంది, కాస్త దయ చూపండి అంటాడు. తర్వాత ఆమె వస్తుంది. పాస్‌పోర్టు ఉంది, ప్రవేశ అనుమతి లేదు. అడిగితే, వాళ్లు ఇవ్వలేదు, తిరిగి వెళ్తే చంపేస్తారు అంటుంది. తెర ఆగదు. కాపాడాలా వద్దా అన్న వాక్యాలేవీ రావు. బల్ల మీద అవే రెండు ముద్రలు, రోజంతా వాడినవే. గడియారం నడుస్తూనే ఉంటుంది. ఆమెను పంపితే కింద యంత్రంలోంచి టకటకమంటూ తప్పు చీటీ వస్తుంది. రోజుకు మొదటి రెండు తప్పులకు హెచ్చరికతో సరిపెడతారు, మూడోదానికి 5 క్రెడిట్లు కోత. అంటే ఆ ఉదయం నువ్వు ఎంత జాగ్రత్తగా పనిచేశావన్నదాన్ని బట్టి ఆమె ప్రాణం ఖరీదు మారుతుంది. అప్పటికి రెండు తప్పులు చేసి ఉంటే ఆమెను పంపడం ఒక పూట తిండికి ఎసరు. ఏ తప్పూ చేయకుండా ఉంటే దయ ఉచితం. నీ ఓపిక, నీ అలసట, నీ కళ్ల చురుకు అన్నీ కలిసి ఆమె తలరాత అవుతాయి. నీతిని ఇంత సన్నగా, ఇంత నిజంగా చూపించిన చోటు ఆటల్లో నాకు ఇంకొకటి కనిపించలేదు.

నాన్న రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేశారు. ఊదారంగు సిరామెత్త, గుండ్రటి ముద్ర, ముద్ర పడేముందు కాగితం అంచు సరిచేసే ఆయన ఎడమ చెయ్యి నాకు బాగా తెలుసు. అందుకే కావచ్చు, ఈ ఆట నాకు కల్పనలా అనిపించలేదు. మనలో చాలా కుటుంబాలకు ఆ కిటికీకి ఇవతలి వైపు కూడా తెలుసు. వీసా ఇంటర్వ్యూకని తెల్లారుజామునే వెళ్లి, ఫైలు గుండెకు హత్తుకుని నిలబడి, గాజు అవతల ఉన్న మనిషి ఈ రోజు ఏ మనసుతో ఉన్నాడో అని ముఖం చదవడానికి ప్రయత్నించిన తల్లిదండ్రులు తెలుగునాట ఎంతమందో. ఈ ఆట మనల్ని గాజుకు అవతల కూర్చోబెడుతుంది. అక్కడ కూర్చున్నాక తెలుస్తుంది, అవతలి మనిషి క్రూరుడు కానక్కర్లేదు, తొందరలో ఉంటే చాలు.

ఆటే కదా, బొమ్మలే కదా, నీతేమిటి అనేవాళ్లకు ఒక ప్రయోగం గుర్తుచేయాలి. 1960ల మొదట్లో స్టాన్లీ మిల్‌గ్రామ్ యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన కరెంటు షాకుల ప్రయోగం చాలామందికి తెలుసు. ఎదుటివాడికి షాకు ఇవ్వమని పరిశోధకుడు చెబితే, ఆ తెల్లకోటుకో బూడిదరంగు కోటుకో లోబడి మామూలు మనుషులు ఎంతదాకా వెళ్తారో చూపింది. 2006లో మెల్ స్లేటర్ బృందం దాన్ని కంప్యూటర్ బొమ్మతో మళ్లీ చేసింది. షాకు తినేది నిజమైన మనిషి కాదని పాల్గొన్నవాళ్లందరికీ తెలుసు. అయినా ఆ బొమ్మ కనిపిస్తూ, వినిపిస్తూ ఉన్నప్పుడు వాళ్ల శరీరాలు నిజంగా హింసిస్తున్నట్టే కలవరపడ్డాయి. కొందరు ముందే ఆపేశారు. మెదడుకు తెలిసినంత మాత్రాన చెయ్యి ఊరుకోదు. అందుకే ఆటల మీద నాకు ఇంత ఆశ, ఆటలు దాన్ని వృథా చేసినప్పుడు ఇంత కోపం.

కోపం అన్నాను కాబట్టి 2012 నాటి స్పెక్ ఆప్స్: ద లైన్ గురించి చెప్పాలి. బెర్లిన్‌లోని యాగర్ సంస్థ చేసింది. ఇసుక తుపానుల్లో కూరుకుపోయిన దుబాయిలో కెప్టెన్ వాకర్ అనే అమెరికన్ సైనికుడిగా ఆడతాం. నడుమ ఒకచోట శత్రువుల మీద తెల్ల భాస్వరం, అంటే ఒంటిని కాల్చేసే రసాయనం, కురిపించాలి. పైనుంచి తీసిన చిత్రంలో మనుషులు తెల్ల చుక్కలు. ఆ తెర మీదే వాకర్ ముఖం మసగ్గా ప్రతిఫలిస్తూ ఉంటుంది. ఆ పొగలోంచి నడిచి వెళ్లాక తెలుస్తుంది, ఆఖరి చుక్కల గుంపు సైనికులు కాదు, తలదాచుకున్న పౌరులు. బిడ్డ కళ్లు మూసిన చేత్తోనే కాలిపోయిన తల్లి ఉంటుంది అక్కడ.

ఆ దృశ్యం బలమైనదే. కానీ ఆ తర్వాత ఆట ఆటగాడినే నిలదీస్తుంది. ఆట లోడవుతున్నప్పుడు కూడా, ఇప్పుడు వీరుడిలా అనిపిస్తోందా అని తెర మీద అడుగుతుంది. దీన్ని మెచ్చుకున్నవాళ్లు ఎందరో. నేను ఒప్పుకోను. భాస్వరం వాడకుండా తుపాకీతో పోరాడాలని చూస్తే శత్రువులు తరగరు, చచ్చేదాకా వస్తూనే ఉంటారు. ఒక్క దారే ఉంచి, ఆ దారిన వచ్చావేమని అడగడం న్యాయం కాదు. ఆట కట్టేసి లేచిపోవచ్చు కదా అంటారు. డబ్బు పెట్టి కొన్న పుస్తకాన్ని సగంలో మూసేయడం నీతి అనిపించుకుంటుందా? అది కథ లోపలి మనుషులకు ఏమీ చేయదు, కథ మీద విసుగు మాత్రమే చెబుతుంది.

మైఖేల్ హనెకె 1997లో తీసిన ఫనీ గేమ్స్ చిత్రం మీద కూడా నాకు ఇదే ఫిర్యాదు. సెలవులకు వచ్చిన కుటుంబాన్ని ఇద్దరు తెల్ల చేతితొడుగుల కుర్రవాళ్లు హింసిస్తారు. ఒకడు మధ్యమధ్య కెమెరా వైపు తిరిగి మనతో మాట్లాడతాడు. చివరికి ఆ ఇల్లాలు తుపాకీ లాక్కుని ఒకణ్ణి కాల్చేస్తుంది. హాల్లో ఊపిరి ఆడుతుంది. వెంటనే రెండోవాడు రిమోటు వెతికి, సినిమానే వెనక్కి తిప్పి, ఈసారి ఆమెకు తుపాకీ అందకుండా చేస్తాడు. హింస చూడాలని వచ్చింది నువ్వే కదా అని మనల్ని దోషుల్ని చేయడం దర్శకుడి ఉద్దేశం. ఆ రిమోటు ఆలోచన మాత్రం మరపురానిది, ఎందుకంటే ఆటగాళ్లకు రోజూ ఉండే హక్కును, తప్పిపోతే వెనక్కి తిప్పుకునే హక్కును, హంతకుడి చేతిలో పెట్టాడు. కానీ నేరారోపణ? అది నాకు అంటలేదు. ఆ స్త్రీ బతకాలనే కదా నేను కోరుకున్నాను.

స్పెక్ ఆప్స్‌లోనే, చాలా తర్వాత, తక్కువమంది మాట్లాడే ఘట్టం ఒకటుంది. వాకర్ సహచరుడు లూగోను జనం గుమిగూడి ఉరితీస్తారు. అతడు చనిపోతాడు. చుట్టూ రాళ్లు విసిరే జనం. మిగిలిన తోటి సైనికుడు కాల్చమని అరుస్తుంటాడు. తెర మీద ఏ సూచనా లేదు. చాలామంది జనం మీదికే కాల్చారు, ఎందుకంటే ఆ ఆటలో అప్పటిదాకా తుపాకీతో చేసింది అదే. గాల్లోకి కాలిస్తే జనం చెదిరిపోతారు. ఆ దారి ఉందని ఆట చెప్పదు. నీకు తోచాలి. అంతే. నిలదీత లేదు, శిక్ష లేదు. భాస్వరం దగ్గర గుక్కతిప్పుకోకుండా తిట్టిన ఆట, ఇక్కడ నోరు మూసుకుని నన్ను నిజంగా పరీక్షించింది.

వెనక్కి తిప్పుకునే ఆ హక్కు సంగతి 2015లో టోబీ ఫాక్స్ చేసిన అండర్‌టేల్ తేల్చింది. అందులో టోరియల్ అనే అమ్మలాంటి పాత్ర మనల్ని ఆపాలని పోరాడుతుంది. ఎవరినీ చంపకుండా ఆట మొత్తం ముగించవచ్చని తెలిసినా, మామూలు ఆటల అలవాటుతో కాస్త బలహీనపరిస్తే లొంగిపోతుందని కొడతారు. ఒక దెబ్బకు ఆమె చనిపోతుంది. అయ్యో అనుకుని ఆట మళ్లీ మొదలుపెట్టి ఈసారి ఆమెను కాపాడి బయటికి వస్తారు. అక్కడ ఫ్లవీ అనే పువ్వు ఎదురై, నువ్వు ఆమెను చంపావు, పశ్చాత్తాపపడి వెనక్కి వెళ్లావు, నాకు తెలుసు అంటుంది. మనం చెరిపేశామనుకున్నది ఒకరికి గుర్తుంది! అందర్నీ చంపే దారిలో చివరిదాకా వెళ్లినవాళ్లకైతే, తర్వాత ఎంత మంచిగా ఆడి ముగించినా ఆ మంచి ముగింపులో మచ్చ మిగిలే ఉంటుంది.

ఇక భయానక చిత్రాల సంగతి. మన దగ్గర ఈ తరహా సినిమాలో ఎక్కువగా కనిపించే కథ ఒకటుంది. 2011లో వచ్చి తెలుగులోనూ బాగా ఆడిన కాంచన తీసుకోండి. భూమి కోసం ఒక రాజకీయ నాయకుడు అన్యాయంగా చంపిన మనిషి దెయ్యమై, పిరికివాడైన కథానాయకుణ్ణి ఆవహించి పగ తీర్చుకుంటుంది. హిజ్రాను అంత గౌరవంగా కథ నడుమ నిలబెట్టడం వల్ల ఆ సినిమా మీద నాకు అభిమానముంది. కానీ నిర్ణయాల లెక్క చూడండి. తప్పు చేసినవాడు విలన్, అదీ గతంలో. పగ తీర్చుకునేది దెయ్యం. ఒంటిని అద్దెకిచ్చిన నాయకుడు, టిక్కెట్టు కొన్న మనం, ఇద్దరమూ నిర్దోషులం. భయపడతాం, నవ్వుతాం, చివరికి దెయ్యం పక్షాన చప్పట్లు కొడతాం. ఎవరూ మనల్ని ఏమీ అడగరు.

సామ్ రైమి 2009లో తీసిన డ్రాగ్ మీ టు హెల్ అడుగుతుంది. ఇక్కడ దెయ్యం పట్టేది చెడ్డవాళ్లను కాదు, లాస్ ఏంజిలిస్‌లో ఒక బ్యాంకులో అప్పులు మంజూరు చేసే క్రిస్టీన్‌ను. మంచి పిల్ల. పల్లెటూరి నుంచి వచ్చి, యాస మార్చుకుని, కష్టపడి పైకి రావాలని చూస్తోంది. అసిస్టెంట్ మేనేజర్ కుర్చీ ఖాళీగా ఉంది, పోటీకి కొత్తగా వచ్చిన కుర్రవాడున్నాడు. నువ్వు కఠిన నిర్ణయాలు తీసుకోగలవా అని పైఅధికారికి అనుమానం. అప్పుడే ఒక ముసలావిడ వచ్చి, ఇల్లు జప్తు కాకుండా ఇంకొంత గడువు కావాలంటుంది. ఇదివరకే గడువులు ఇచ్చారు. క్రిస్టీన్ వెళ్లి పైఅధికారిని అడిగితే ఆయన ఇవ్వకు అనడు, నీ ఇష్టం అంటాడు. ఆ మాట దగ్గర నా ఒళ్లు జలదరించింది, తర్వాత వచ్చిన ఏ భూతానికీ అంత జలదరించలేదు. ఆమె తిరిగొచ్చి కుదరదని చెబుతుంది. ముసలావిడ మోకాళ్ల మీద పడుతుంది. శాపం అక్కడ మొదలవుతుంది.

శాపం పెట్టే ముసలావిడను రోమా జాతి గురించిన పాత అపోహలతో చిత్రించడం ఈ సినిమాలో నాకు నచ్చని సంగతి, అది చెప్పకుండా ముందుకు వెళ్లలేను. కానీ క్రిస్టీన్ పాత్రను చెక్కిన తీరు అద్భుతం. మూడు రోజుల గడువులో ఆమె ఒక్కొక్క మెట్టే దిగుతుంది. పెంపుడు పిల్లికూనను బలిస్తుంది. శాపం ఉన్న కోటు గుండీని ఇంకొకరికి ఇచ్చేస్తే తాను బయటపడుతుందని తెలిసి, రాత్రి పూట ఒక హోటల్లో కూర్చుని ఎవరికివ్వాలా అని చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు వెతుకుతుంది. ఆ పోటీ కుర్రవాణ్ణే పిలిపిస్తుంది కూడా. ఇవ్వలేకపోతుంది. ప్రేక్షకుడు ఒక పక్క ఇచ్చెయ్యమ్మా అనుకుంటూనే, ఇంకో పక్క వద్దని ప్రార్థిస్తాడు. హాల్లో కూర్చున్న నా చేతిలో ఏ మీటా లేదు. అయినా ఆ గుండీ బరువు నా అరచేతిలో తెలిసింది.

కథ చివర, గండం గడిచిందనుకున్నాక, ఆమె తన ప్రియుడితో ఆ రోజు నేనే గడువు ఇచ్చి ఉండొచ్చు, ఇవ్వకపోవడం నా నిర్ణయమే అని ఒప్పుకుంటుంది. అప్పటిదాకా పైఅధికారిని సాకుగా చెప్పుకున్న మనిషి నోట ఆ మాట వచ్చిన కాసేపటికే నరకం ఆమెను లాక్కుపోతుంది. ఈ ముగింపు అన్యాయమని కోప్పడినవాళ్లున్నారు. బ్యాంకు గుమస్తా చేసిన చిన్న తప్పుకు నరకమా అని. ఆ ముసలావిడకు పోయింది చిన్నదా అన్నది నా ప్రశ్న. ఇల్లు పోవడం ఆమెకు నరకమే. క్రిస్టీన్ బల్ల అవతల కూర్చుంది కాబట్టి అది ఆమెకు ఒక ఫైలు.

హిదేయో నకాతా 1998లో తీసిన రింగు ఇంకా ముందుకు వెళ్తుంది. శపించిన వీడియో టేపు చూసినవాళ్లు వారంలో చనిపోతారు. రేకో అనే పాత్రికేయురాలు చూసింది, ఆమె పసివాడు యోయిచీ కూడా చూశాడు. దయ్యం అస్థికలు వెతికి తీసి, దుఃఖం తీర్చితే శాపం పోతుందని మనం వంద కథల్లో విన్నాం. ఇక్కడ పోదు. బతకాలంటే ఒకటే మార్గం, టేపుకు నకలు తీసి ఇంకొకరికి చూపించడం. ఆమె బిడ్డ కోసం వీడియో యంత్రం కారులో పెట్టుకుని తండ్రికి ఫోను చేసి, యోయిచీ కోసం ఒక సాయం కావాలి నాన్నా అంటుంది. బిడ్డా, తండ్రా? తండ్రి చూశాక, ఆయన ఎవరికి చూపించాలి? ప్రేమ కోసమే చేసిన పని, ఎవరూ తప్పు పట్టలేని పని, ఊరంతా చావును పంచుతుంది. రేకో స్థానంలో నేనైతే ఏం చేస్తానన్నదానికి నా దగ్గర జవాబుంది, అది నాకు నచ్చదు.

ఇవన్నీ చూశాక ఆటల మీద నా కోరిక ఒకటే. ఇంకా ఎక్కువ దారులు అక్కర్లేదు, ఇంకా ఎక్కువ ముగింపులు అక్కర్లేదు. ఒక బల్ల చాలు. నేనైతే ఆ బల్లను మండల తహసీల్దారు కార్యాలయంలో వేస్తాను. ఆటగాడు జూనియర్ అసిస్టెంటు. తండ్రి పోయాక పొలం తన పేరు మీదికి మార్చమని ఒకామె వస్తుంది. మరణ ధ్రువపత్రంలో వెంకటయ్య అని ఉంది, పాసుపుస్తకంలో వెంకయ్య అని ఉంది. కొర్రీ వేసి తిప్పి పంపితే రెండు నిమిషాల పని, నీ బల్ల ఖాళీ, నెలాఖరు లెక్కలో దరఖాస్తు పరిష్కరించినట్టే. గ్రామ విచారణకు రాసి, అనుబంధం జతచేసి, పైఅధికారి సంతకానికి పెడితే ముప్పావు గంట, వెనకాల పదకొండు మంది నిలబడి ఉన్నారు, సాయంత్రం సమీక్షలో పెండింగు ఎందుకు పెరిగిందని నిన్నే లేపి నిలబెడతారు. ఆమె బతిమాలకూడదు. ఏడవకూడదు. కాగితాలు మడిచి పట్టుకుని, ఎప్పుడు రమ్మంటారు సార్ అని మాత్రం అడగాలి. మంచి చేసినందుకు ఏ కానుకా రాకూడదు, చేయనందుకు ఏ దెయ్యమూ పట్టకూడదు.

హైదరాబాదులో ఆటలు తయారుచేసే యువకులు చాలామంది ఉన్నారు, ఎక్కువమంది బయటి దేశాల ఆటలకు బొమ్మలు, కోడు అందిస్తున్నారు. వాళ్లలో ఎవరైనా ఇది చేస్తానంటే, ఏ కాగితం వెనక ఏ కాగితం జతచేయాలో, ఏ సంతకం ఎక్కడ పడుతుందో, సిరామెత్త ఎండిపోతే గుమస్తాలు దాన్ని ఎలా తడుపుతారో కూర్చుని చెప్పడానికి నేను సిద్ధం.